నెల్లూరు, ఒంగోలు ఎండల్లో ఇంటి పగడాల ట్యాంకు: తక్కువ ఖర్చులో సరైన లైటు

ఇంట్లో సముద్రపు ట్యాంకు పెట్టి పగడాలు పెంచుదామనుకునే వాళ్లని వెనక్కి లాగేది చాలాసార్లు లైటు ధరే. రీఫ్ లైట్ పేరుతో అమ్మే విదేశీ లైట్లు పదుల వేలల్లో ఉంటాయి. మన దేశంలో చట్టం ఒప్పుకునే పగడాలకి అంత లైటు అక్కర్లేదు. నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో పగడాలు చచ్చిపోయేది వెలుతురు చాలక కాదు. ఏప్రిల్, మే నెలల వేడికి, వేడిలోనూ తగ్గించకుండా వేసిన లైటుకి. అందుకే లైటు దగ్గర మిగిలిన డబ్బు ఫ్యాన్‌కి, థర్మామీటర్‌కి, కరెంటు లీకైతే లైను కట్ చేసే ఆర్‌సీసీబీకి పెట్టమని మా సలహా.

ముందు ఏ పగడమో తేల్చుకోండి

1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్‌లో హార్డ్ కోరల్స్ (రాయిలాంటి గట్టి గూడు కట్టే పగడాలు) అన్నీ ఉన్నాయి. నల్ల పగడం, ఫైర్ కోరల్, ఆర్గన్ పైప్ కోరల్, సీ ఫ్యాన్లు కూడా ఉన్నాయి. పులి ఉన్న షెడ్యూలే అది. సముద్రంలోంచి తీసినా, అమ్మినా, కొన్నా నేరం. లైవ్ రాక్ పేరుతో పగడపు రాళ్లు అమ్మజూపినా తీసుకోకండి, ట్యాంకుకి సిరామిక్ రాళ్లు సరిపోతాయి. మిగిలినవాటిలో ఇంట్లో తేలిగ్గా పెరిగేవి మష్రూమ్‌లు, జోవాంథిడ్లు, లెదర్ కోరల్స్, జీనియా. ఇవి సాఫ్ట్ కోరల్స్ పేరుతో దొరుకుతాయి. ఎక్కడినుంచి వచ్చాయో అడిగి, బిల్లు తీసుకోండి.

లైటు లెక్క ఇక్కడే సగం తేలిపోతుంది. పగడం ఒంట్లో జూజాంథెల్లీ అనే సూక్ష్మమైన శైవలాలు (నాచులాంటి జీవులు) ఉంటాయి. అవి వెలుతురుతో ఆహారం తయారుచేసి పగడానికి పెడతాయి. వాటికి అందే వెలుతురుని పార్ అనే కొలతలో చెబుతారు. 400 నుంచి 700 నానోమీటర్ల మధ్య కాంతి, ఒక చదరపు మీటరు మీద సెకనుకి ఎన్ని మైక్రోమోల్స్ పడుతోందన్నదే పార్. మష్రూమ్‌లకి 30 నుంచి 80 చాలు. జోవాంథిడ్లకి 60 నుంచి 120, లెదర్ కోరల్స్‌కి 75 నుంచి 150 ఉంటే హాయిగా పెరుగుతాయి. ఖరీదైన లైట్లు తయారయ్యేది 250, 350 పార్ అడిగే కొమ్ముల హార్డ్ కోరల్స్ కోసం. అవి మనం ఎలాగూ పెట్టకూడదు కాబట్టి ఆ డబ్బు మిగిలినట్టే.

రంగు సంగతి. సముద్రంలో లోతుకి వెళ్లేకొద్దీ ఎరుపు ముందు ఆగిపోతుంది, నీలమే కిందిదాకా దిగుతుంది. జూజాంథెల్లీ ఎక్కువగా వాడుకునేది 430 నుంచి 460 నానోమీటర్ల దగ్గరి నీలాన్నే. రాయల్ బ్లూ పేరుతో అమ్మే ఎల్‌ఈడీలు 445 నుంచి 455 మధ్య వెలుగుతాయి, మనకి కావలసింది అవే. నీటి మొక్కల ట్యాంకుల కోసం చేసిన ఎరుపు ఎక్కువున్న లైటు చవగ్గా దొరికినా వద్దు. అది పగడానికి చేసే మేలు కంటే గాజుకి పట్టే పాచికి చేసే మేలే ఎక్కువ.

వాట్లు చూసి మోసపోవద్దు

24 అంగుళాల పొడవు, 15 వెడల్పు, 15 ఎత్తు ఉన్న ట్యాంకు అనుకుందాం. కొత్తగా మొదలుపెట్టేవాళ్లకి ఇది మంచి సైజు, రాళ్లు ఇసుక పోను సుమారు 75 లీటర్ల నీళ్లు పడతాయి. మామూలు రకం రాయల్ బ్లూ ఎల్‌ఈడీ, తీసుకున్న ఒక్కో వాట్‌కి ఒకటి నుంచి ఒకటిన్నర మైక్రోమోల్స్ దాకా ఇస్తుంది. 50 వాట్లు నిజంగా లాగే లైటు సెకనుకి 60 మైక్రోమోల్స్ పైన ఇస్తుందన్నమాట. ట్యాంకు పైభాగం 0.23 చదరపు మీటర్లు. సగం వెలుతురు పక్కలకి పోయినా, నీళ్లలో తగ్గినా, రాళ్ల ఎత్తులో సగటున 120 దాకా అందుతుంది. అంటే ఈ ట్యాంకుకి 50 వాట్లు దండి.

ఆ 50 వాట్లు అసలువి అయ్యుండాలి. డబ్బా మీద 165 వాట్లు అని రాసిన చైనా లైటు 100, 110 వాట్ల దగ్గర ఆగిపోవడం మామూలే. సరిచూడటానికి పరికరం కొననక్కర్లేదు, ఇంటి కరెంటు మీటరే చాలు. దాని మీద 3200 ఇంపల్స్ అనో 1600 అనో ఉంటుంది, ఒక యూనిట్‌కి ఆ చిన్న ఎర్ర లైటు అన్నిసార్లు మిణుకుతుందని అర్థం. ఇంట్లో ఫ్రిజ్‌తో సహా అన్నీ ఆపేసి, ట్యాంకు లైటు ఒక్కటే వేసి, సరిగ్గా 6 నిమిషాలు లెక్కపెట్టండి. 3200 మీటరు 16 సార్లు మిణికితే లైటు 50 వాట్లు తీసుకుంటున్నట్టు. 32 అయితే 100.

కరెంటు ఖర్చు భయపెట్టేంత ఉండదు. 50 వాట్లు రోజుకి 8 గంటలు వెలిగితే నెలకి 12 యూనిట్లు.

ఏం కొనొచ్చు

అన్నిటికంటే చవకైన దారి ఎలక్ట్రికల్ షాపుల్లో దొరికే ఫ్లడ్ లైట్లు. 50 వాట్ల నీలం ఒకటి, 20 వాట్ల 6500 కెల్విన్ తెలుపు ఒకటి తీసుకుంటే మష్రూమ్‌లు, జోవాంథిడ్లు బాగానే పెరుగుతాయి. తెల్ల ఎల్‌ఈడీ లోపల ఉండేది కూడా నీలి చిప్పే, పైన పసుపు ఫాస్ఫర్ పూత ఉంటుంది, అందుకే తెలుపు కూడా పగడానికి పనికొస్తుంది. ఐపీ65 లేదా 66 అని ఉన్నవే తీసుకోండి, ఉప్పు తుంపరలు లోపలికి పోవు. నీలం చిప్పుదే అయ్యుండాలి, మామూలు బల్బుకి నీలం రంగు పూసినది దండగ. రంగులు మారే రిమోట్ లైట్లు కూడా వద్దు, వాటిలో నీలానికి వచ్చేది మొత్తం వాట్లలో మూడో వంతే. ఫ్లడ్ లైట్లతో ఇబ్బందులు రెండు. వెలుతురు తగ్గించుకునే వీలుండదు. లోపల విడిగా డ్రైవర్ (ఎల్‌ఈడీకి సరిపడా కరెంటు ఇచ్చే భాగం) లేని చవక రకాలు వోల్టేజీ ఎగుడుదిగుళ్లకి త్వరగా పోతాయి.

రెండు నాబ్‌లున్న నల్ల డబ్బా చైనా లైట్లు రెండో దారి. నీలానికో నాబ్, తెలుపుకో నాబ్. మన 24 అంగుళాల ట్యాంకుకి ఒకటి ఎక్కువే, నీలం 35 శాతం, తెలుపు 10 శాతం దగ్గర పెడితే చాలు. వీటిలో ముందు పాడయ్యేది ఫ్యాన్. చప్పుడు మారగానే మార్చేయండి. ఆగాక మారుద్దాంలే అనుకుంటే ఎల్‌ఈడీలు మాడిపోతాయి.

పాత టీ5 ట్యూబు ఫిక్చర్ ఎవరైనా చవగ్గా ఇస్తామంటే తొందరపడకండి. వెలుతురు చక్కగా పరుచుకుంటుంది, అది నిజం. కానీ ట్యూబులు 9 నుంచి 12 నెలలకోసారి మార్చాలి, రీఫ్ ట్యూబులు దొరకడం ఇప్పుడు కష్టం. మెటల్ హాలైడ్ దీపాల మాట ఈ జిల్లాల్లో ఎత్తనే వద్దు, వాటి సెగకి నీటిని చల్లబరిచే చిల్లర్ కొనాల్సొస్తుంది.

సోల్డరింగ్ వచ్చినవాళ్లకి మాత్రం మేం చెప్పేది ఒకటే, సొంతంగా చేసుకోండి. పాడైతే ఒక్క బీడ్ (విడి ఎల్‌ఈడీ) మార్చుకుంటే సరిపోతుంది.

24 బీడ్‌ల లైటు

కావలసినవి: స్టార్ ప్లేట్ మీద అమర్చిన 3 వాట్ల రాయల్ బ్లూ బీడ్‌లు 16, అలాంటివే 6500 కెల్విన్ తెల్లవి 8. 600 మిల్లీయాంపుల కాన్‌స్టంట్ కరెంట్ డ్రైవర్లు 2. వేడిని లాగేసే రెక్కలున్న అల్యూమినియం హీట్ సింక్, కనీసం 16 అంగుళాల పొడవు, 6 వెడల్పు. థర్మల్ పేస్టు, 3 ఎంఎం స్క్రూలు, నైలాన్ వాషర్లు, 120 ఎంఎం కంప్యూటర్ ఫ్యాన్, దానికి 12 వోల్టుల అడాప్టర్. 60 డిగ్రీల థర్మల్ కటాఫ్ స్విచ్ ఒకటి, 3 ఎంఎం పారదర్శక యాక్రిలిక్ షీటు, బ్యాటరీ ఉన్న డిజిటల్ టైమర్లు 2. హీట్ సింక్ బదులు కిటికీల అల్యూమినియం పైపు వాడొచ్చని చెప్పేవాళ్లుంటారు. ఆ సెక్షన్ పల్చన, మన వేసవికి చాలదు.

ముందు ప్రతి బీడ్‌నీ పరీక్షించండి. రెండు పెన్సిల్ సెల్స్‌ని వరుసగా కలిపితే 3 వోల్టులు వస్తుంది, దానికి బీడ్ సన్నగా వెలుగుతుంది. 9 వోల్టుల బ్యాటరీ నేరుగా తగిలిస్తే మాడిపోతుంది. తర్వాత ప్లస్, మైనస్ ప్యాడ్‌ల మీద సీసం (సోల్డర్) ముందే పెట్టుకోండి. హీట్ సింక్‌కి బిగించాక పెడదామంటే, ఆ అల్యూమినియం ఐరన్ వేడినంతా లాగేసుకుని సీసం కరగనివ్వదు, కరిగినట్టు కనిపించినా అతుకు గట్టిగా ఉండదు.

వరుసకి 6 చొప్పున 4 వరుసలు గీసుకుని, నీలాల మధ్య తెల్లవి చెదిరేలా అమర్చండి. తెల్లవన్నీ ఒకచోట పెడితే ట్యాంకులో ఒక మూల తెల్లగా, ఒక మూల నీలంగా కనిపిస్తుంది. పేస్టు పల్చగా రాయాలి, మందంగా రాస్తే అదే వేడికి అడ్డు. స్క్రూ తల కింద నైలాన్ వాషర్ తప్పనిసరి, లేకపోతే స్క్రూ తల ప్యాడ్‌కి తగిలి కరెంటు హీట్ సింక్‌లోకి దిగుతుంది.

12 నీలాలని ఒక వరుస కనెక్షన్‌గా, మిగిలిన 4 నీలాలు, 8 తెలుపులని ఇంకో కనెక్షన్‌గా కలపండి. ఒకదాని ప్లస్ పక్కదాని మైనస్‌కి, అలా చివరిదాకా. ఒక్కో బీడ్ 3.3 వోల్టులు తీసుకుంటుంది కాబట్టి పన్నెండింటికి 40 వోల్టులు కావాలి. డ్రైవర్ మీద రాసిన అవుట్‌పుట్ పరిధిలో 40 వోల్టులు ఉండాలి, 30 నుంచి 50 అని ఉన్నది బాగా సరిపోతుంది. డ్రైవర్‌లో ఐసొలేటెడ్ రకమే అడగండి. నాన్ ఐసొలేటెడ్ రకం కరెంటు లైనుకి నేరుగా కలిసి ఉంటుంది, తడి చేతులతో పనిచేసే చోట అది ప్రాణాంతకం.

ప్లగ్గు పెట్టేముందు మల్టీమీటర్‌ని కంటిన్యూయిటీలో పెట్టి, ప్రతి ప్యాడ్‌కీ హీట్ సింక్‌కీ మధ్య చూడండి. ఎక్కడ బీప్ వచ్చినా ఆ బీడ్ విప్పి మళ్లీ బిగించాలి. ఇంకో జాగ్రత్త: డ్రైవర్‌కి కరెంటిచ్చి ఆ తర్వాత ఎల్‌ఈడీ వైర్లు తగిలించకండి. లోడ్ లేనప్పుడు డ్రైవర్‌లో వోల్టేజీ పైకి ఎక్కి నిలుస్తుంది, తగిలించిన క్షణంలో బీడ్‌లు పోతాయి. ఎప్పుడూ ముందు వైర్లు, తర్వాతే స్విచ్.

కటాఫ్ స్విచ్‌ని హీట్ సింక్ మధ్యలో బిగించి, రెండు డ్రైవర్లకి వెళ్లే ఫేజ్ వైరు దాని మీదుగా పోనివ్వండి. ఫ్యాన్ ఆగిపోయిన రోజు ఈ చిన్న ముక్కే లైటుని కాపాడుతుంది. హీట్ సింక్‌కి ఎర్త్ వైరు కలపండి. డ్రైవర్లని ట్యాంకు కింద క్యాబినెట్లో పెట్టకండి, అక్కడ తేమ, ఉప్పు రెండూ ఎక్కువ. గోడకి, ట్యాంకు కంటే ఎత్తులో ఉండాలి. ప్లగ్గుకి వెళ్లే ప్రతి వైరూ సాకెట్ కంటే కిందికి జారి పైకి వచ్చేలా వదలండి. వైరు మీదుగా కారిన నీళ్లు అక్కడే బొట్లుగా రాలిపోతాయి. ట్యాంకు లైనుకి 30 మిల్లీయాంపుల ఆర్‌సీసీబీ లేకుండా ఏ పరికరమూ నడపొద్దు.

మైపాడు, కొత్తపట్నం వైపు ఇళ్లల్లో గాలిలోనే ఉప్పు ఉంటుంది, ట్యాంకు తుంపరలు దానికి తోడు. ఆరు నెలలకే సోల్డర్ అతుకుల మీద ఆకుపచ్చ చిలుము కనిపిస్తే అది ఉప్పు పనే. అతుకులన్నిటి మీదా పారదర్శకమైన యాక్రిలిక్ స్ప్రే కొట్టి, కింద యాక్రిలిక్ షీటు బిగించండి. వారానికోసారి ప్లగ్గు తీసి, షీటు మీద పేరుకున్న తెల్లటి పొరని తడిగుడ్డతో తుడవాలి.

చివరిగా అరగంట వెలిగించి హీట్ సింక్‌ని ముట్టుకోండి. వేలు 5 సెకన్లు ఆనించగలిగితే ఫరవాలేదు. ఆనించలేకపోతే ఫ్యాన్ గాలి రెక్కల మధ్యనుంచి పోవడం లేదని గుర్తు, ఫ్యాన్ దిశ మార్చి చూడండి.

ఎత్తు, కొలత

నీటి మట్టానికి 8 నుంచి 10 అంగుళాల పైన వేలాడదీయండి. గొలుసుతో కడితే ఎత్తు మార్చుకోవచ్చు, డిమ్మర్ లేని లైటుకి ఈ గొలుసే డిమ్మర్. పైన గాజు మూత వద్దు. వేడిని లోపలే ఆపుతుంది, ఉప్పు మరకలతో వెలుతురునీ ఆపుతుంది. చేపలు దూకకుండా సన్నని వల చాలు.

పార్ మీటరు ధర మొత్తం లైటు కంటే ఎక్కువ. దాని బదులు చవక లక్స్ మీటరు వాడొచ్చు, కానీ ఒక షరతు మీద. తెల్ల ఎల్‌ఈడీ ఒక్కటే వెలిగినప్పుడు లక్స్‌ని 70తో భాగిస్తే దాదాపు పార్ వస్తుంది. నీలానికి ఆ లెక్క పనికిరాదు. లక్స్ అనేది మనిషి కంటికి కనిపించే వెలుగు లెక్క, మన కంటికి నీలం మసగ్గా ఆనుతుంది. 450 నానోమీటర్ల నీలానికి ఒక్క పార్‌కి 7 లక్స్ మాత్రమే వస్తుంది. లక్స్ తక్కువ చూపించిందని నీలం పెంచుకుంటూ పోయి పగడాన్ని కాల్చేసేది ఇక్కడే. మీటరుని ఖాళీ ట్యాంకులో, నీళ్లు పోయకముందే, నేల మీద తొమ్మిది చోట్ల పెట్టి చూడండి. ఎక్కడ ఎక్కువ ఎక్కడ తక్కువ అన్న పోలికకి అది నమ్మదగ్గదే. ఎక్కువున్న మధ్యలో లెదర్, అంచుల్లో మష్రూమ్‌లు పెట్టాలి.

కొత్త పగడాన్ని అలవాటు చేయడం

నీళ్లు పోసి రాళ్లు పెట్టిన మొదటి నెల లైటే వద్దు. అప్పుడు వేస్తే గోధుమరంగు పాచి తప్ప ఒరిగేదేమీ లేదు. పగడం వచ్చాక డిమ్మర్ ఉంటే చివరికి ఉంచాలనుకున్నదానికంటే బాగా తగ్గించి మొదలుపెట్టి వారానికి కొంచెం పెంచండి. డిమ్మర్ లేకపోతే కిటికీలకి కొట్టే దోమల మెష్‌ని మూడు మడతలు చేసి యాక్రిలిక్ షీటు కింద కట్టి, వారానికో మడత తీసేయండి. రెండు టైమర్లలో నీలం మధ్యాహ్నం 1 నుంచి రాత్రి 9 దాకా, తెలుపు కలిసింది 3 నుంచి 7 దాకా పెడితే చాలు. గుండ్రంగా తిరిగే మెకానికల్ టైమర్ కరెంటు పోయినప్పుడల్లా వెనకబడిపోతుంది, అందుకే బ్యాటరీ ఉన్నది చెప్పాం.

ఇక పగడాన్నే చూస్తుండాలి. జోవాంథిడ్ కాడలు సాగదీసి పైకి లేస్తుంటే వెలుతురు చాలట్లేదు. బిగుసుకుని ముడుచుకునే ఉండి రంగు వెలిసిపోతుంటే ఎక్కువైంది. మష్రూమ్ అంచులు పైకి ముడుచుకుంటే దాన్ని నీడకి జరపండి. లెదర్ కోరల్ రెండు మూడు రోజులు మూసుకుని మైనంలాంటి పొర వదిలితే భయపడక్కర్లేదు, అది దాని అలవాటు. ఆ రోజుల్లో లైటు ముట్టుకోవద్దు, నీటి ప్రవాహం కొంచెం దానివైపు తిప్పితే చాలు. జోవాంథిడ్లని జరిపేటప్పుడు గ్లౌజులు, కళ్లద్దాలు తప్పవు. కొన్నిటిలో పాలిటాక్సిన్ అనే తీవ్రమైన విషం ఉంటుంది. అవి పట్టిన రాయిని వేడినీళ్లలో ఎప్పుడూ వేయకండి, ఆ ఆవిరి పీల్చినా ప్రమాదమే.

నీళ్లని తేటపరిచే యాక్టివేటెడ్ కార్బన్ మార్చినప్పుడు కూడా జాగ్రత్త. నెలలుగా లేత పసుపెక్కిన నీళ్లు నీలాన్ని మింగేస్తుంటాయి. కొత్త కార్బన్ వేసిన మర్నాటికి నీళ్లు తేటపడి, అదే లైటు పగడానికి ఒక్కసారిగా ఎక్కువవుతుంది. ఆ వారం ఒక మడత మెష్ మళ్లీ కట్టండి.

పాచి పట్టిందంటే అందరూ లైటునే తిడతారు. ముందు నీళ్లు చూడండి. బోరు నీళ్లు కలిపినా, టీడీఎస్ (నీళ్లలో కరిగిన లవణాల లెక్క) చూడకుండా క్యాన్ నీళ్లు పోసినా, మేత ఎక్కువైనా పాచి వస్తుంది. అవన్నీ సరిగ్గా ఉంటే అప్పుడు తెలుపుని ఒక గంట తగ్గించండి, నీలాన్ని కాదు.

ఏప్రిల్ నుంచి జూన్ దాకా

నీళ్లు 25 నుంచి 27 డిగ్రీల మధ్య ఉండాలి. 30 దాటి అలాగే కొన్ని రోజులుంటే జూజాంథెల్లీ పగడాన్ని వదిలి వెళ్లిపోతాయి, పగడం తెల్లబడుతుంది. 2016లో మన్నార్ సింధుశాఖలో, లక్షదీవుల్లో పగడాలు తెల్లబడింది ఇలా నీళ్లు వేడెక్కే. వేడి, వెలుతురు కలిసినప్పుడు దెబ్బ రెట్టింపవుతుంది. వేడెక్కిన శైవలం వెలుతురుని వాడుకోలేక, అదే తనకి విషమయ్యే పదార్థాలు పుట్టిస్తుంది. కాబట్టి నీళ్లు వేడెక్కితే మొదట చేయాల్సిన పని లైటు తగ్గించడం, దానికి పైసా ఖర్చు లేదు. 29 దాటితే తెలుపు ఆపేయండి. 30 దాటితే నీలం 4 గంటలే. 31 కనిపిస్తే రెండు మూడు రోజులు పూర్తిగా ఆపినా సాఫ్ట్ కోరల్స్‌కి ఏమీ కాదు.

లైటు కూడా నీళ్లని వేడి చేస్తుంది. 50 వాట్లలో సగం నీళ్లలోకి దిగిందనుకున్నా, 8 గంటల్లో 75 లీటర్లని 2 డిగ్రీలకి పైగా పెంచగలదు. కొంత గాలిలోకి పోతుంది కానీ రోహిణి కార్తెలో గదిగాలే 36 ఉన్నప్పుడు పోయే దారేది? అందుకని వేసవిలో లైటు వేళ మార్చేయండి. పైకప్పు స్లాబు రాత్రి 10 దాకా సెగ కక్కుతూనే ఉంటుంది. ఇంట్లో ఏసీ రాత్రి 9 నుంచి తెల్లవారుజాము దాకా నడిచేట్టయితే, ట్యాంకుని ఆ గదిలో పెట్టి, లైటుని కూడా ఆ వేళల్లోనే వెలిగించండి. పగడానికి మన గడియారంతో పనిలేదు, రోజుకో గంట చొప్పున జరుపుతూ వెళ్తే అలవాటు పడుతుంది. పడమటి గోడ ఉన్న గది, పై అంతస్తు గది ట్యాంకుకి పనికిరావు.

నీటి ఉపరితలం మీదకి చిన్న ఫ్యాన్ పెడితే ఆవిరితో రెండు మూడు డిగ్రీలు తగ్గుతుంది. గాలిలో తేమ ఎక్కువున్న రోజుల్లో అంత ఆశించొద్దు. ఆవిరైన నీటికి బదులు ఆర్వో మంచినీళ్లే పోయాలి, ఉప్పునీళ్లు పోస్తే సాలినిటీ (ఉప్పదనం) పెరిగిపోతుంది. దాన్ని 35 పీపీటీ (వెయ్యికి 35 వంతులు) దగ్గర ఉంచండి. ఉప్పదనం కొలవడానికి రొయ్యల రైతులు వాడే రిఫ్రాక్టోమీటర్ నెల్లూరు, ఒంగోలు ఆక్వా షాపుల్లో దొరుకుతుంది, ట్యాంకుకీ అదే వాడుకోవచ్చు.

కరెంటు పోయినప్పుడు ఇన్వర్టర్ మీద ఉండాల్సింది నీటిని కదిలించే పంపు, లైటు కాదు. లైటు లేకుండా పగడం రోజులు గడుపుతుంది, నీళ్లు కదలకపోతే చేపలు గంటల్లోనే ఊపిరాడక అల్లాడతాయి. కొత్తగా పెట్టేవాళ్లు నవంబరులో మొదలుపెట్టండి. చలికాలమంతా ట్యాంకు కుదురుకుని, పగడం మీ లైటుకి అలవాటుపడి, ఎండలు ముదిరే వేళకి తట్టుకునే బలం దానికి వస్తుంది. మార్చిలో కొనాలనిపిస్తే లైటు తయారుచేసి పెట్టుకోండి, పగడం మాత్రం వానలు పడి నీళ్లు చల్లబడ్డాకే తెచ్చుకోండి.